పెంటకుప్ప మీది జామ వరుస

"కదలకురా," అంది జంగమ్మ. కొడుకు నుదుటి మీద పసుపు అదుముతున్న ఆమె చేతి మీదుగా నెత్తురు మోచేతి దాకా కారుతోంది.

మహేందర్ అరుగు మీద కూర్చుని పళ్లు కొరుకుతున్నాడు. పార పిడితో పడిన దెబ్బకు నుదుటి మీద చర్మం చీలింది. ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. కొట్టింది దారిన పోయేవాడెవడో కాదు, సొంత చిన్నాయన లింగం. చిన్నప్పుడు ఇదే మహేందర్‌ను భుజాల మీద ఎక్కించుకుని మేడ్చల్ అంగడంతా తిప్పినవాడు.

అంకిత ఇంట్లోంచి నీళ్లూ, పాత చీర ముక్కా తెచ్చింది. అన్న తల పగిలిందని ఒక భయం. ఎందుకు పగిలిందో ఆ ఇంట్లో అందరికంటే తనకే ఎక్కువ తెలుసునని ఇంకో భయం. రెండోదే ఆమెను ఎక్కువగా తినేస్తోంది.

"గట్ల కొట్టేటంత ఏమన్నవురా?" అడిగింది జంగమ్మ.

"ఉన్నదే అన్న. మా నాయిన నారు మంచిదే, నీ మన్నే మంచిది గాదన్న. కొట్టం పక్క వరుస సూడు, అదిగుడ మా నర్సరీ నారే గదా, ఎట్ల పచ్చగున్నది అన్న. పగటీలికి సిరాజుద్దీన్ సాబ్ వస్తుండు, కండ్లార సూస్తడు, నీ ఏడుపు ఆయన ముంగట ఏడువు అన్న."

"గంతేనా?"

"గంతే. పోతుంటె పిలిసిండు, ఎన్కకు తిరిగిన. ఏసిండు."

అత్వెల్లిలో ఈ తగాదా తెలియని ఇల్లు లేదు. రోడ్డు పక్క నర్సరీ అన్న కుర్మయ్యది. దాని వెనక జామతోట తమ్ముడు లింగంది. లింగం తోటకు నారు పోసి ఇచ్చింది అన్నే. చెట్లు కాపుకు వచ్చే ఏడు ఆకులు పసుపెక్కాయి, కొమ్మలు ఎండాయి, ఒక్కో చెట్టూ నిలబడ్డ చోటే చచ్చిపోయింది. నారులోనే రోగం ఉందని తమ్ముడంటాడు. రోగం నీ మట్టిదని అన్నంటాడు. ఇద్దరికీ ఎన్నో ఏళ్లుగా తెలిసిన శామీర్‌పేట పండ్ల వ్యాపారి సిరాజుద్దీన్ చూసి ఏది చెబితే అదే ఖాయమని చివరికి ఇద్దరూ ఒప్పుకున్నారు.

తోటంతా పోయినా ఒక్క వరుస మాత్రం పోలేదు. కొట్టం పక్కన, పాత పెంటకుప్ప ఉన్న చోట నాటిన జామచెట్లు ఆకు వాడకుండా నిలబడ్డాయి. వాటి నారూ కుర్మయ్యదే కాబట్టి ఆ వరుస కుర్మయ్యకు సాక్ష్యం. లింగం కంట్లో నలుసు.

షెడ్డులోంచి కుర్మయ్య వచ్చాడు. కొడుకు తల చూశాడు. ఈ మనిషికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ తగ్గిన గొంతుకే ఇల్లంతా హడలిపోతుంది.

"ఎవ్వలు పొమ్మన్నరు నిన్ను ఆడికి?"

"నువ్వే అన్నవు గదా నాయినా, గా వరుసే మన సాక్ష్యమని."

"నీకు చెప్పిన. వానికి చెప్పుమన్ననా?"

మహేందర్ తల దించుకున్నాడు. పసుపు ముద్ద జారి ఒళ్లో పడింది.

"నాయినా," అంది అంకిత. "ఇగ చాలు. నిన్న నేను నీకు చెప్పింది సాబ్‌కు నువ్వే చెప్పు."

"ఏం చెప్పింది?" అన్నాడు మహేందర్.

"బూజు కత చెప్పింది," అన్నాడు కుర్మయ్య. "సదువుకున్నది గదా."

"బూజు కత గాదన్నా, నారు..."

మాట పూర్తి కాకముందే జంగమ్మ పసుపు చెయ్యి అంకిత చెంప మీద పడింది. ఆ ఇంట్లో ఆడపిల్ల మీద చెయ్యి లేవడం అదే మొదటిసారి. కొట్టిన చెయ్యిని ఏం చేయాలో తెలియక జంగమ్మ కొంగుకు తుడుచుకుంది.

"తల పలిగినోడు గీడ కూసున్నడు. నువ్వు నాయిన మీదికి లేస్తున్నవా? మీ చిన్నాయిన దిక్కా నువ్వు?"

అంకిత ఎవరి దిక్కని చెబుతుంది? నిన్న సాయంత్రం షెడ్డులో తండ్రితో మాట్లాడినప్పటి నుంచీ ఆమెకు దిక్కే తోచడం లేదు.

ఆమె యూనివర్సిటీ ల్యాబులో మట్టి మీద పరిశోధన చేస్తోంది. చిన్నాయన తోటలో చచ్చిన చెట్ల వేర్లు చీల్చి చూసింది. వేర్ల నిండా బొడిపెలు. బొడిపెల నిండా కంటికి ఆనని నులిపురుగులు. చెట్టు తాగాల్సిన నీళ్లు ఆ బొడిపెల దగ్గరే ఆగిపోయాయి. తర్వాత పచ్చ వరుసలో తవ్వింది, దాని వేర్లకూ మొదట్లో, సంచి మన్ను ఉన్న మేర, బొడిపెలే. అంటే అన్ని చెట్లకూ పురుగు నర్సరీ సంచుల్లోనే పట్టింది.

తండ్రిని అడిగింది, సంచుల్లోకి మన్ను ఎక్కడిదని. వంకాయ మడిదన్నాడు. ఆ ఏడు ఎర్రమట్టి ట్రాక్టర్ రాలేదట. వంకాయ మడిలో మన్ను ఎరువు తిని గుల్లగా, మెత్తగా ఉందట. ఆ వంకాయ మొక్కల వేర్లకూ బొడిపెలు ఉండటం చూశాడు. అందుకే ఎండబెట్టాడు. తీరా ఎండబెట్టింది ఎలా? పలచగా పరచకుండా నడుమెత్తు కుప్ప పోసి, పైన టార్పాలిన్ కప్పి. పై మన్ను కాలింది. కుప్ప కడుపులో పురుగు చల్లగా బతికింది.

"ఎండబెట్టిన బిడ్డా," అన్నాడు నిన్న. "నా వంతు నేను జేసిన." ఆ తర్వాత, అదే తగ్గిన గొంతుతో, "గీ మాట నీ నోట్లె ఉండాలె," అన్నాడు.

అంకిత నోట్లోనే ఉంచుకుంది. దాని ఫలితం ఇప్పుడు అన్న నుదుటి మీద నుంచి కారుతోంది.

నర్సరీ వెనక నుంచి గరగరమని ఇంజను చప్పుడు వచ్చింది. మహేందర్ తల ఎత్తాడు. సుచిత్ర దగ్గర అపార్ట్‌మెంట్ల పునాదులకు జేసీబీ నడిపిన వాడికి ఆ చప్పుడు వేరే చెప్పాలా.

"వరుస పీకిస్తుండు," అన్నాడు. "సాబ్ వచ్చేసరికి సాక్ష్యం లేకుంట జేస్తుండు."

తల్లి చెయ్యి విదిలించుకుని లేచాడు. షెడ్డు గోడకు ఆనించిన ఇనుప రాడ్డు అందుకుని తోట వైపు పరిగెత్తాడు. కుర్మయ్య ఆపలేదు. బండి తీసి, సిరాజుద్దీన్‌ను తొందరగా తీసుకురావడానికి రోడ్డెక్కాడు.

అంకిత అన్న వెనక పరిగెత్తింది. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయింది. అన్నకు ఏమవుతుందోనని పరిగెత్తింది, నిజమే. ఆ వరుస కోసం కూడా పరిగెత్తింది. ఆ మాట ఎవరితోనైనా అంటే పిచ్చిదంటారు. అయినా ఆ వరుస పోతే ఆమె తట్టుకోలేదు.

ఉమ్మడి కాపురం నాడు రెండిళ్ల పేడ, గడ్డి, బూడిద, కుళ్లిన కాయ అన్నీ ఆ ఒక్క కుప్పలోనే పడేవి. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పెంటకుప్పను కూడా గంపలతో ఎత్తి సగం సగం పంచుకున్నారు. గంపలకు రాని అడుగు మన్ను లింగం వాటాలో మిగిలింది. నులిపురుగులను వేటాడే బూజు ఆ అడుగు మన్నులో బతుకుతోంది. ఒక రకం సన్నటి పోగులతో ఉచ్చులు అల్లి, దూరిన పురుగును బిగించి చంపుతుంది. ఇంకో రకం గుడ్డు పెంకు తొలిచి లోపలి పిల్లను తినేస్తుంది. నేల కింద రాత్రీ పగలూ అంత ఊచకోత జరుగుతోంది కాబట్టే నేల పైన ఆకు పచ్చగా ఉంది.

అంకితకు నిద్ర లేకుండా చేసింది ఇంకొకటి. ల్యాబులో వాటి జన్యువులు చూస్తే, చూడటానికి ఒకే బూజు, కానీ ఒక్కో చెట్టు కింద ఒక్కో వంశం. ఒకే చెట్టుకు తూర్పు వేరు దగ్గర ఒకటి, పడమటి వేరు దగ్గర మరొకటి. ఇంత చిన్న జాగాలో ఇన్ని వంశాలు ఆమె ఎన్నడూ చూడలేదు.

తోటలో ఎండిన చెట్లు సగం నరికి ఉన్నాయి. లింగం వాటిని వంటచెరకుకు కుప్పలు పెట్టాడు. ఒక మొద్దుకు గొడ్డలి దిగేసి ఉంది. కుప్పల మధ్య నుంచి జేసీబీ పచ్చ వరుస వైపు పోతోంది.

"ఆపు," అన్నాడు మహేందర్ డ్రైవరుతో.

"నువ్వు కానియ్యి," అన్నాడు లింగం డ్రైవరుతో. తర్వాత మహేందర్‌తో, "అడ్డం రాకు. పొద్దుగాల తలనే పలిగింది," అన్నాడు.

మహేందర్ రాడ్డు ఎత్తి జేసీబీ అద్దం మీద కొట్టాడు. అద్దం పొడి పొడిగా డ్రైవరు ఒళ్లో కురిసింది. అతను మొహం రెండు చేతులతో కప్పుకుని కిందికి దూకి, రోడ్డు వైపు పరిగెత్తాడు. ఇంజను మోగుతూనే ఉంది.

రెండో దెబ్బ లింగం భుజం మీద పడింది. ఎముక చప్పుడు అంకితకు వినిపించింది. లింగం పడిపోలేదు. ఆ భుజంతోనే వచ్చి అన్న కొడుకును గుద్దాడు. ఇద్దరూ కట్టెల కుప్ప మీద పడ్డారు, దొర్లారు. లింగం పైకొచ్చాడు. మోకాలు వాడి రొమ్ము మీద పెట్టి, రెండు చేతులా గొంతు పట్టుకున్నాడు.

"చిన్నాయినా, ఇడువు," అంటూ అంకిత అతని అంగీ పట్టి లాగింది. మోచెయ్యి వచ్చి ఆమె నోటికి తగిలింది. వెల్లకిలా పడింది. నోట్లో నెత్తురూ మన్నూ కలిశాయి. లేవబోతూ చూసింది. అన్న మడమలు నేలను తన్నుతున్నాయి, ఆ తన్నడం మెల్లమెల్లగా తగ్గుతోంది.

దాచుకోవడానికి ఇంకేం మిగిలింది.

"నారే చెడ్డది చిన్నాయినా," అంది. "నీ మన్నుది గాదు తప్పు. మా నారుదే."

లింగం వినలేదనుకుంది. గొంతు మీద చేతులు అలాగే ఉన్నాయి.

"గీ పచ్చ వరుసకుగుడ బొడిపెలున్నై. నేను తవ్వి సూసిన."

చేతులు వదులయ్యాయి. మహేందర్ పక్కకు ఒరిగి దగ్గుతూ వాంతి చేసుకున్నాడు. లింగం మోకాళ్ల మీదే తిరిగి అంకితను చూశాడు.

"ఏడ సూపియ్యి."

అంకిత చివరి చెట్టు మొదట్లో గోళ్లతో తవ్వింది. వేలెడు వేరు తెంపి ఇచ్చింది. లింగం దాన్ని గోటితో చీల్చాడు. బొడిపె లోపల గుల్ల. దాని పక్కనే కొత్త వేరు తెల్లగా, నున్నగా పుట్టుకొచ్చింది.

"గిది పట్టింది. పట్టి పోయింది," అంది అంకిత. "గీడి మన్నుల బూజున్నది. అది పురుగును తిన్నది."

"బూజు నేనుగుడ ఏసిన గదనే. చెట్లు ఎండుతుంటె నువ్వు చెప్తేనే దుకాణంల పాకెట్లు తెచ్చి తోటంత సల్లిన."

"పాకెట్ల ఉండేది ఒక్క తల్లి పిల్లలు చిన్నాయినా. అన్నీ ఒకటే తీరు. ఎండ దెబ్బకు అన్నీ ఒక్కసారే పోయినై. గీడ అట్ల గాదు. ఒకటి ఎండకు ఓర్సుకుంటది, ఒకటి తడికి ఓర్సుకుంటది. ఒకటి పడిపోతే ఇంకోటి లేస్తది. ఎన్నున్నయో నాకే తెల్వదు."

"మరి గంపెడు మన్ను ల్యాబుకు తీస్కపో. వరుసతోని ఏం పని?"

"పళ్లెంల పెరిగేటియి కొన్నే. మిగిలినయి గీ వేర్లల్లనే బతుకుతయి. చెట్టును పీకి మన్ను తిరగేస్తే అన్నీ సస్తయి. మళ్ల ఏడ దొరకయి."

లింగం వేరు ముక్కను అరచేతిలో తిప్పి చూశాడు. విరిగిన భుజం వాచి కిందికి జారింది. అది కూడా అతనికి పట్టినట్టు లేదు.

"నా చెయ్యి మంచిది గాదన్నరు ఊరంత," అన్నాడు. "నేను నాటితే ఏదీ బతుకదన్నరు. నేనుగుడ అట్లనే అనుకున్న."

అతను ఏడ్చాడు. అంకితకూ ఏడుపొచ్చింది, కానీ మనసులో ఎక్కడో తేలికైంది. ఇక ఈ వరుసను పీకే అవసరం చిన్నాయనకు లేదు. నిజం చెప్పడం ఇంత తేలికా అనుకుంది పాపం.

కుర్మయ్య బండి గట్టు మీద ఆగింది. వెనక నుంచి సిరాజుద్దీన్ దిగాడు. గడ్డం నెరిసిన పెద్దమనిషి. పగిలిన అద్దాన్నీ, దగ్గుతున్న మహేందర్‌నూ, అంకిత పెదవినీ చూసి ఆగిపోయాడు.

"ఏంది కుర్మన్నా ఇది? మీరు పిలిచింది తోట సూడనీకా, పీనుగులు ఎత్తనీకా?"

లింగం లేచి వేరు ముక్క అతని చేతిలో పెట్టాడు. "పచ్చ వరుసది సాబ్. సీల్చి సూడు."

సిరాజుద్దీన్ చీల్చి చూశాడు. ఎండిన చెట్టు వేరు ఒకటి అందుకుని పక్కన పెట్టి చూశాడు. రెండింటికీ అవే బొడిపెలు. కుర్మయ్య వైపు తిరిగాడు.

"ఆ వేరు ఏడిదో ఎవలకెరుక సాబ్," అన్నాడు కుర్మయ్య.

"గీడిదే చాచా," అంది అంకిత. "నేనే తీసిన. నమ్మకపోతే నీకు నచ్చిన చెట్టు నువ్వే తవ్వు."

కుర్మయ్య కూతుర్ని చూశాడు. ఆ చూపులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కనిపించింది. తను పోసిన నారే తన మీదికి వచ్చినట్టు చూశాడు.

సిరాజుద్దీన్ తలపాగా సర్దుకుని ఒక చెట్టు దగ్గర వంగాడు. చేతికి మన్ను అంటిందో లేదో, కుర్మయ్య రెండు చేతులతో అతన్ని వెనక్కి నెట్టాడు. ముసలాయన నరికిన మొద్దు మీద నడుము ఆనేలా పడ్డాడు. లేవడానికి ప్రయత్నించి లేవలేకపోయాడు.

"కుర్మన్నా," అన్నాడు కింద నుంచే. "నా మీద చెయ్యేసినవా?"

కుర్మయ్య మొద్దుకు దిగిన గొడ్డలి ఊడబెరికాడు. లింగం ఒక అడుగు ముందుకు వేశాడు. గొడ్డలి అతని మెడ ఎత్తుకు లేచింది. లింగం ఆగిపోయాడు.

"దగ్గరికి రాకు. తమ్మునివని సూడ," అన్నాడు కుర్మయ్య. కళ్లు తమ్ముడి మీదే ఉంచి కొడుకును పిలిచాడు. "మహేందర్, లే. మిషిని ఎక్కు."

మహేందర్ గొంతు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"వరుస మొత్తం తీసెయ్యి. వేరు గుడ మిగలొద్దు. వేరు లేకుంటె మిగిలేది ఉత్త మాటలే."

"అన్నా, వద్దు," అంది అంకిత. "పొద్దుగాల నువ్వు దెబ్బలు తిన్నది గీ వరుస కోసమే గదా."

పొద్దున లింగం పీకించబోయిన వరుసను ఇప్పుడు కుర్మయ్య పీకమంటున్నాడు. పొద్దున కుర్మయ్య సాక్ష్యమని చెప్పుకున్నదాన్ని ఇప్పుడు లింగం విరిగిన భుజంతో కాపలా కాస్తున్నాడు. ఇద్దరికీ చెట్లు ఎప్పుడూ చెట్లు కావు. అంకితకు ఒళ్లు మండింది. వెళ్లి వరుసలో నడిమి చెట్టు మొదట్లో కూర్చుని, రెండు చేతులా దాన్ని చుట్టేసింది.

మహేందర్ ఆమెను చూశాడు. తండ్రి వైపు తిరిగాడు.

"నాయినా, చెల్లె చెప్పింది నిజమేనా? నారు పోసే నాడే నీకు ఎరుకేనా?"

లింగం, కింద పడి ఉన్న సిరాజుద్దీన్, అంకిత, ముగ్గురూ కుర్మయ్య నోటి వైపే చూశారు. అబద్ధం చెబుతాడనే ముగ్గురూ అనుకున్నారు.

"ఎరుకే," అన్నాడు కుర్మయ్య. "బొడిపెలు సూసిన. ఎండబెడితే పోతయనుకున్న. పోలేదు. గా నారు శామీర్‌పేట నుంచి యాప్రాల్ దాక పోయింది. రేపు ఒక్కొక్కడు పార పట్టుకుని మన ఇంటి మీదికొస్తడు. నాకైతే ఏమున్నది, సగం బతుకు అయిపోయింది. రేపు ఆ గేటు కాడ నిలబడి తన్నులు తినేది నువ్వు. ఇగ నీ ఇష్టం. ఎక్కితె ఎక్కు."

మహేందర్ మిషన్ వైపు పోలేదు. అంకితకు ధైర్యం వచ్చింది. ఆ ఒక్క మాటతో అన్న అటు నుంచి ఇటు వచ్చేస్తాడనే నమ్మింది. నిజం విన్నాక మనిషి ఇంకెటు పోతాడు అనుకుంది.

మహేందర్ ఆమె దగ్గరికి వచ్చి ముందు వంగాడు. గొంతు బొంగురుపోయింది.

"చెల్లే, లే."

"లేవ."

"మళ్ల చెప్ప."

వెనక్కి తిరిగి, సీటు మీది గాజు పెంకులు చేత్తో ఊడ్చి మిషన్ ఎక్కాడు. బకెట్ ఒకసారి నేలకు తాకి, మట్టి రాలుస్తూ పైకి లేచింది. చక్రాలు వరుస వైపు కదిలాయి. అంకిత చెట్టును వదల్లేదు.